ఇసుక ఈగ కాటుకీ సూది పోటుకీ తేడా

మీ ప్రశ్న నాకు బాగా అర్థమైంది. ఎమ్మెస్సీ జువాలజీ పూర్తి కావస్తోంది, పరాన్నజీవుల మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. కాలా అజార్ జ్వరానికి కారణం లీష్మానియా అనే పరాన్నజీవి అని తెలుసు. దాన్ని ల్యాబ్‌లో ఫ్లాస్కుల్లో పెంచొచ్చు, సిరంజితో ఎలుకకి ఎక్కించొచ్చు, మందులూ ఉన్నాయి. మరి ఇంకా దాన్ని మోసే ఇసుక ఈగల వెంట పడటం ఎందుకు, అది పాతబడిపోయిన సబ్జెక్టు కదా అని అడిగారు. ఇరవై ఏళ్లకు పైగా ఈ ఈగల్ని పెంచుతూ, పట్టుకుంటూ, మైక్రోస్కోప్ కింద కోస్తూ గడిపాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. సిరంజితో ఎక్కించిన జబ్బూ, ఈగ కుట్టి వచ్చిన జబ్బూ ఒకటి కావు. ఇది ఆలస్యంగా గ్రహించినందుకు మా రంగం చాలా ఏళ్లు నష్టపోయింది.

ముందు ఈ పురుగు ఎలా ఉంటుందో చూడండి. పొడవు 2, 3 మిల్లీమీటర్లు, అంటే దోమ కన్నా బాగా చిన్నది. ఒళ్లంతా సన్నని నూగు. వాలినప్పుడు రెక్కల్ని దోమలా వీపు మీద మడుచుకోదు, ఇంగ్లిషు ‘వి’ అక్షరంలా పైకి నిలబెట్టుకుంటుంది. రొద చేయదు. ఎక్కువ దూరం ఎగరలేదు, గోడ మీద చిన్న చిన్న గెంతులు వేస్తూ తిరుగుతుంది. మామూలు దోమతెర కన్నాల్లోంచి సులువుగా దూరిపోతుంది. రక్తం తాగేది ఆడ ఈగ మాత్రమే. దోమ సూదిలాంటి తొండాన్ని నేరుగా రక్తనాళంలోకి దించుతుంది. ఇది అలా కాదు, చిన్న కత్తెరల్లాంటి నోటి భాగాలతో చర్మాన్ని కోసి, అక్కడ ఊరిన రక్తాన్ని పీల్చుకుంటుంది. ఈ తేడా చిన్నదనిపిస్తుంది కానీ మున్ముందు చెప్పబోయే కథంతా ఆ చిన్న గాయంలోనే జరుగుతుంది.

గుడ్లు నీళ్లలో పెట్టదు. తేమ, నీడ, కుళ్లుతున్న ఆకూ అలమా, పేడా ఉన్న మట్టిలో పెడుతుంది. పశువుల కొట్టాల నేల, గోడల నెర్రెలు, ఎలుక కలుగులు, చెదపుట్టలు దీని స్థావరాలు. మలేరియా దోమకైతే నీటి గుంటలు పూడ్చొచ్చు, మందు చల్లొచ్చు. ఇసుక ఈగ లార్వాని మట్టిలో వెతికి పట్టుకోవడమే పెద్ద పని. రోజంతా మట్టి జల్లెడ పట్టి, చేతిలో ఒక్క లార్వా కూడా లేకుండా తిరిగొచ్చిన రోజులు నాకు చాలా ఉన్నాయి. అందుకే ఈ ఈగల మీద మన పోరాటమంతా ఎగిరే దశ మీదే జరుగుతుంది.

ప్రపంచంలో దాదాపు 1000 జాతుల ఇసుక ఈగలున్నాయి. లీష్మానియాని మోసేవి వాటిలో 90కి పైగా. మన దేశంలో కాలా అజార్‌ని వ్యాపింపజేసేది ఫ్లెబోటోమస్ అర్జెంటిపెస్. బ్రెజిల్‌లో అదే పని లుట్జోమియా లాంగిపాల్పిస్ చేస్తుంది. కెన్యాలో చెదపుట్టలను అంటిపెట్టుకుని ఉండే జాతి ఒకటుంది, సూడాన్‌లో నల్లరేగడి నేలల్లో తుమ్మచెట్ల మధ్య బతికే జాతి మరొకటి. ఒక చోట పనికొచ్చిన ఉపాయం ఇంకో చోట పనికిరాకపోవడానికి ఇదే మూలం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 7 లక్షల నుంచి 10 లక్షల మందికి లీష్మానియా జబ్బులు కొత్తగా వస్తున్నాయి. చర్మం మీద పుండ్లు చేసే రకమే వాటిలో ఎక్కువ. ప్లీహం, కాలేయం, ఎముక మజ్జల్లోకి పోయే కాలా అజార్ 50 వేల నుంచి 90 వేల మందికి వస్తుంది. వైద్యం అందకపోతే వారిలో 95 శాతానికి పైగా చనిపోతారు.

ఇక చరిత్ర. బ్రిటిష్ సైనిక వైద్యుడు విలియం లీష్మన్ 1900లో ఒక సైనికుడి శవపరీక్షలో, ప్లీహంలో చిన్న గుండ్రటి కణాల్ని చూశాడు. ఆ సైనికుడు కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో పనిచేసినవాడు. లీష్మన్ ఆ సంగతి 1903లో ప్రచురించాడు. అదే ఏడాది మద్రాసులో డాక్టర్ చార్లెస్ డోనవాన్ కూడా అవే కణాల్ని చూశాడు, అదీ బతికున్న రోగి ప్లీహం నుంచి తీసిన రక్తంలో సైతం. ఇద్దరి పేర్లూ కలిపి లీష్మానియా డోనవానీ అని రొనాల్డ్ రాస్ పేరు పెట్టాడు. జబ్బు చేసే జీవి అలా దొరికింది. అది మనిషి నుంచి మనిషికి ఎలా వెళ్తోందో తేలడానికి మాత్రం దాదాపు 40 ఏళ్లు పట్టింది. నల్లుల్ని అనుమానించారు, వాటి మీదే ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. జబ్బున్న ప్రాంతాల మ్యాపూ, అర్జెంటిపెస్ ఈగ ఉన్న ప్రాంతాల మ్యాపూ ఒకదాని మీద ఒకటి సరిపోతున్నాయని 1920ల్లో సింటన్ గమనించాక ఈ ఈగ మీదకి దృష్టి మళ్లింది. 1924లో నోల్స్, నేపియర్, స్మిత్‌లు రోగుల రక్తం తాగించిన ఈగల పేగుల్లో పరాన్నజీవి పెరగడం కూడా చూశారు. అయినా ఆ ఈగలతో కుట్టించి జబ్బు తెప్పించడం ఎన్నేళ్లు ప్రయత్నించినా కుదరలేదు. రెండోసారి రక్తం తాగేలోపే ఈగలు చచ్చిపోయేవి.

ఆ చిక్కుముడి విప్పింది ఎండుద్రాక్ష. స్మిత్, హల్దర్, అహ్మద్ అనే ముగ్గురు 1940 ప్రాంతంలో ఈగలకి మొదటిసారి రక్తం తాగించాక, మళ్లీ రక్తం ఇవ్వకుండా ఎండుద్రాక్ష రసం పీల్చనిచ్చారు. ఈగలు ఎక్కువ రోజులు బతికాయి. వాటి గొంతు పూడుకుపోయేంతగా పరాన్నజీవి పెరిగింది. ఆ పద్ధతిలో పెంచిన ఈగలతోనే స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ అస్సాంలో వలంటీర్లను కుట్టించారు. ఐదుగురికి కాలా అజార్ వచ్చింది. 1942లో ఆ పేపరు అచ్చయ్యాక అనుమానాలకు తావు లేకుండా పోయింది. ఈ ప్రయోగాన్ని నేను విద్యార్థులకు ప్రతి ఏడాదీ చెబుతాను. అడవిలో ఈగ కేవలం రక్తం మీద బతకదు, చెట్ల తీపి రసాలూ తాగుతుంది. ఈగ మామూలుగా ఎలా బతుకుతుందో పట్టించుకున్న రోజునే జవాబు దొరికింది.

ఇప్పుడు ఈగ లోపలికి వెళ్దాం. రోగి రక్తంతో పాటు పరాన్నజీవి ఈగ కడుపులోకి వెళ్తుంది. అప్పటికి అది 2 నుంచి 4 మైక్రాన్ల గుండ్రటి కణం. ఈగలో దానికి తోక మొలుస్తుంది, సాగి, ఈదడం మొదలుపెడుతుంది. తాగిన రక్తం చుట్టూ ఈగ ఒక సంచిలాంటి పొర కడుతుంది. జీర్ణం అయ్యాక మిగిలింది బయటికి పోతుంది. ఆలోపు పరాన్నజీవి ఆ పొర చీల్చుకుని బయటపడి పేగు గోడని పట్టుకోవాలి. లేకపోతే మలంతో పాటు అదీ పోతుంది. పట్టుకోవడానికి దాని ఒంటి మీద ఎల్‌పీజీ అనే చక్కెర గొలుసుల పదార్థం ఉంటుంది. వంటగ్యాస్ పేరే కాబట్టి మీకు బాగా గుర్తుంటుంది, పూర్తి పేరు లైపోఫాస్ఫోగ్లైకాన్. పపటాసి అనే ఈగ పేగులో ఉన్న గ్రాహకానికి లీష్మానియా మేజర్ ఎల్‌పీజీ మాత్రమే సరిగ్గా అతుక్కుంటుంది. అందుకే ఆ ఈగ ఆ ఒక్క జాతినే మోయగలదు. 2004లో ఆ గ్రాహకాన్ని గుర్తించారు.

దాదాపు వారం గడిచేసరికి పరాన్నజీవులు పేగు ముందు భాగానికి, గొంతు దగ్గరికి చేరతాయి. అక్కడ చిక్కటి జిగురు వదులుతాయి. మొదటిసారి ఆ స్థితిలో ఉన్న ఈగని కోసినప్పుడు నేను చూసింది చెబుతాను. స్లైడు మీద ఒక చుక్క సెలైన్ వేసి, రెండు సన్నటి సూదులతో తల ఒక పక్క, తోక చివర ఒక పక్క పట్టి మెల్లగా లాగితే పేగు మొత్తం దారంలా బయటికి వస్తుంది. కవర్‌స్లిప్ వేసి చూశాను. పేగు మొదట్లో గాజులా మెరిసే జిగురు ముద్ద, దాని లోపల వందల తోకలు ఒకే దిక్కుకి తిరిగి కొట్టుకుంటున్నాయి. గాలికి ఊగే వరిచేనులా ఉంది. గొంతు దగ్గరి కవాటం అంచు చితికిపోయి, తెరుచుకునే ఉండిపోయింది. ఆ ఈగ ఎవర్నైనా కుట్టబోతే రక్తం లోపలికి పోయే దారి లేదు. ముందు గొంతులో ఉన్నది కక్కాలి. కక్కింది నేరుగా గాయంలో పడుతుంది. ఒక్కసారికి కడుపు నిండదు కాబట్టి మళ్లీ మళ్లీ కుడుతుంది, ఒకరి తర్వాత ఒకర్ని కుడుతుంది. పరాన్నజీవి తన ప్రయాణానికి ఈగ ఆకలిని వాడుకుంటోందన్నమాట. 2004లో నేచర్ పత్రికలో రోజర్స్ బృందం చూపించింది ఇంకా ముఖ్యం. కక్కిన ఆ జిగురు వల్ల ఎలుకలో పుండు బాగా పెద్దదవుతుంది. అంటే జిగురు కేవలం గొంతుకి బిరడా కాదు, జబ్బు నాటుకోవడానికి అదే ఎరువు.

ఈగ లాలాజలం సంగతి అంతకన్నా ముందే తెలిసింది. 1988లో టైటస్, రిబీరో పరాన్నజీవికి కొంచెం ఈగ లాలాజల గ్రంథుల రసం కలిపి ఎలుకకి ఎక్కించారు. విడిగా ఎక్కించినప్పటి కన్నా పుండు ఎన్నో రెట్లు పెద్దదైంది. ఆ లాలాజలంలో రక్తం గడ్డకట్టకుండా చేసేవి ఉంటాయి, రక్తనాళాల్ని వదులు చేసేవీ ఉంటాయి. లాంగిపాల్పిస్‌లో దొరికిన మాక్సాడిలాన్ అలాంటిదే. 2000లో కమ్హావి బృందం దీన్నే తిరగేసి చూపించింది. పరాన్నజీవి లేని ఈగలతో ముందే కుట్టించిన ఎలుకలకి, తర్వాత జబ్బు ఈగ కుట్టినా రక్షణ దొరికింది. ఎలుక ఒళ్లు ఈగ లాలాజలాన్ని గుర్తుపట్టి, ఆ చోట చేసే ప్రతిఘటన పరాన్నజీవికి ప్రాణాంతకమైంది. లాలాజల ప్రొటీన్లతో టీకా చేయొచ్చన్న ఆలోచనకి అదే బీజం.

2008లో వచ్చిన పీటర్స్ బృందం పని నాకు ఈ రంగంలో అన్నింటికన్నా ఇష్టం. బతికున్న ఎలుక చెవిని ఈగ కుట్టాక ఆ చోటే మైక్రోస్కోప్ పెట్టి వీడియో తీశారు. కోసిన గాయం వైపు న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు గుంపులుగా పరుగెత్తుకొచ్చి పరాన్నజీవుల్ని మింగాయి. మనల్ని కాపాడాల్సిన కణాలు కదా, మింగితే పని అయిపోయిందనుకుంటాం. కానీ ఆ కణాల్ని ముందే తీసేసిన ఎలుకల్లో జబ్బు తగ్గింది. మింగిన కణాల్లోపల పరాన్నజీవి బతికే ఉంది, అక్కణ్ణుంచి తాను కోరుకునే మాక్రోఫేజ్ అనే మరో రకం తెల్లకణంలోకి చేరింది. మరుసటి ఏడాది అదే బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. చంపిన పరాన్నజీవితో చేసిన ఒక టీకా, సూదితో ఎక్కించిన జబ్బు నుంచి ఎలుకల్ని చక్కగా కాపాడింది. అవే ఎలుకల్ని ఈగతో కుట్టిస్తే మాత్రం కాపాడలేకపోయింది.

మీరడిగిన దానికి నేరుగా జవాబు ఆ ఫలితమే. సూదితో పరీక్షించి బాగుందనుకున్న టీకాలు మనుషుల్లో ఎందుకు విఫలమయ్యాయో ఆ ఒక్క పేపరు చదివితే అర్థమవుతుంది. సిరంజిలో శుభ్రం చేసిన పరాన్నజీవి మాత్రమే వెళ్తుంది, చాలా ల్యాబుల్లో లక్షల సంఖ్యలో. ఈగ చాలాసార్లు వందల్లోనే వదులుతుంది. కానీ దానితో పాటు కోసిన గాయం, లాలాజలం, జిగురు, పేగులోని బాక్టీరియా కూడా ఇస్తుంది. ఎవరైనా కొత్త టీకా ఎలుకల్లో 90 శాతం పనిచేసిందని చెబితే, ఈగతో కుట్టించి చూశారా అని అడగండి. లేదంటే ఆ ఫలితాన్ని నేను సగమే నమ్ముతాను. ఇప్పుడు మంచి ల్యాబులు ఆ దారిలోనే ఉన్నాయి. సెంట్రిన్ అనే జన్యువుని క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో తీసేసిన బలహీనమైన లీష్మానియా మేజర్‌తో చేసిన టీకాని 2020లో ఈగ కాటుతోనే పరీక్షించారు, రక్షణ కనిపించింది. ఇంగ్లాండ్‌లోని యార్క్‌లో వలంటీర్లని జబ్బు ఈగలతో కుట్టించి, చర్మపు పుండుని పద్ధతిగా గమనించే నమూనా తయారుచేశారు, 2024లో ఫలితాలు వచ్చాయి. మనుషుల్లో టీకాల్ని ఈగ కాటు ఎదురుగా పరీక్షించే వీలు దీంతో ఏర్పడింది.

ఎండుద్రాక్ష కథకి కొనసాగింపు కూడా ఉంది. ఈగ రెండోసారి శుభ్రమైన రక్తం తాగితే ఏమవుతుందని 2018లో సెరాఫిమ్ బృందం చూసింది. కాటుకి సిద్ధంగా ఉన్న పరాన్నజీవులు ఇక విభజన చెందవని అంతకుముందు అందరి నమ్మకం. రక్తం తగలగానే అవి వెనక్కి, పెరిగే దశకి మారి, మళ్లీ గుణించుకుని, ఇంకా ఎక్కువ సంఖ్యలో సిద్ధమయ్యాయి. ప్రకృతిలో ఈగ చాలాసార్లు రక్తం తాగుతుంది కదా. అంతకాలం ల్యాబులో ఒకేసారి రక్తమిచ్చి ఆపేసినందుకు ఈ దశ ఉన్నట్టే మనకు తెలియలేదు.

ఇక ఊళ్లలో జరిగేది. 1950లలో మలేరియా కోసం డీడీటీ చల్లితే కాలా అజార్ కూడా దాదాపు మాయమైంది. చల్లడం ఆపాక 1970ల్లో బీహార్‌లో మళ్లీ విజృంభించింది. తర్వాత ఈగలు డీడీటీకి అలవాటుపడిపోయాయి, 2015 తర్వాత పైరిత్రాయిడ్ మందులకి మారాల్సి వచ్చింది. మందు పూసిన దోమతెరల మీద అందరం ఆశ పెట్టుకున్నాం. భారత్, నేపాల్ గ్రామాల్లో చేసిన పెద్ద ట్రయల్ ఫలితాలు 2010లో వచ్చాయి. ఊరంతా తెరలు పంచినా కాలా అజార్ తగ్గినట్టు తేలలేదు. ఆ ఫలితం చదివిన రోజు నేను చాలా నిరాశపడ్డాను. తర్వాతి పరిశీలనల్లో అర్జెంటిపెస్ ఇంట్లోనే కాదు, బయట చెట్లూ పొదల మీద కూడా బాగా దొరుకుతోందని తెలిసింది. జనం తెరలోకి వెళ్లకముందే, ఆరుబయటే కాట్లు పడుతూ ఉండొచ్చు.

కాలా అజార్ ఉన్న ఊళ్లలో పరాన్నజీవి ఒంట్లో ఉన్నా జబ్బు పడనివాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లనుంచి కూడా ఈగలకి అంటుతుంటే నిర్మూలన అసాధ్యం. ఇది తేల్చడానికి బీహార్‌లో ల్యాబులో పెంచిన శుభ్రమైన ఈగల్ని చిన్న కప్పుల్లో పెట్టి మనుషుల చర్మం మీద కాసేపు ఉంచి తాగనిచ్చారు, తర్వాత ఆ ఈగల్లో పరాన్నజీవి కోసం వెతికారు. 2021లో ఫలితం వచ్చింది. కాలా అజార్ రోగుల్లో సుమారు సగం మంది నుంచి ఈగలకి అంటింది. వైద్యమయ్యాక నెలలకో ఏళ్లకో చర్మం మీద మచ్చలు, గడ్డలుగా వచ్చే పీకేడీఎల్ రోగుల నుంచి కూడా అంటింది. లక్షణాలు లేనివాళ్లలో ఒక్కరి నుంచి కూడా అంటలేదు. ఎంత ఊరటో చూడండి! రోగిని త్వరగా గుర్తించి వైద్యం చేస్తే గొలుసు తెగుతుంది. పీకేడీఎల్ రోగికి జ్వరం ఉండదు, నొప్పి ఉండదు, ఆసుపత్రికి రాడు. అతన్ని వెతికి పట్టుకోవడమే ఇప్పుడు అసలు పని. పీకేడీఎల్‌ని 1922లో మొదట వర్ణించింది ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి, యూరియా స్టిబమీన్ మందుతో లక్షల ప్రాణాలు కాపాడిన ఆయనే.

బీహార్‌లో వాడిన ఆ శుభ్రమైన ఈగల్ని ఎవరో పెంచకపోతే ఆ ప్రయోగమే లేదు. బంగ్లాదేశ్ 2023లో ప్రపంచంలోనే మొదటి దేశంగా కాలా అజార్‌ని ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించినట్టు గుర్తింపు పొందింది. మన దేశమూ ఆ మెట్టు దగ్గరికి వచ్చింది. ఇక్కడ నిర్మూలన అంటే బ్లాకులో 10 వేల మందికి ఏటా ఒక కేసు కన్నా తక్కువ అని. ఈగ మాత్రం ఆ ఊళ్లలోనే ఉంది. కేసులు తగ్గేకొద్దీ నిధులు తగ్గుతాయి, ఈగని గుర్తుపట్టేవాళ్లు రిటైరవుతారు. నాకున్న టెన్షన్ అంతా దాని గురించే.

మీరు లీష్మానియా గురించే అడిగారు కానీ చండీపురా వైరస్ మాట కూడా చెప్పాలి. అది పరాన్నజీవి కాదు, అయినా దాన్ని మోస్తున్నదీ ఇసుక ఈగలేనని ఆధారాలున్నాయి. 2003లో ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు వచ్చి 183 మంది చనిపోయారు. ఇప్పటికీ దానికి ప్రత్యేకమైన మందు లేదు, టీకా లేదు. ఈగల మీద పని పాతబడిందని నాతో ఎవరన్నా ఆ పిల్లలే గుర్తొస్తారు.

పీహెచ్‌డీలో చేరే ముందు వీలైతే ఏదైనా ఇన్‌సెక్టరీలో, అంటే ఈగల్ని పెంచే ల్యాబులో, కొన్ని నెలలు పనిచేయండి. అడుగున ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసిన డబ్బాల్లో లార్వాలు పెరుగుతాయి. వాటి మేత కుందేలు పెంటికలు, కుందేలు దాణా కలిపి మురగబెట్టి, ఆరబెట్టి చేసిన పొడి. తేమ 80 శాతం కన్నా తగ్గకూడదు, మరీ పెరిగితే బూజు పడుతుంది. ఒక వేసవిలో రెండు రోజులు తేమ యంత్రం ఆగిపోయి మూడేళ్లుగా నిలబెట్టిన కాలనీ మొత్తం పోయింది. గుడ్డు నుంచి ఈగ వరకు నెలా పదిరోజులు పడుతుంది కాబట్టి మళ్లీ నిలబెట్టడానికి ఏడాది పట్టింది. ఇది ఓపిక ఉన్నవాళ్ల పని. జాతి గుర్తించడం కూడా అప్పుడే నేర్చుకోండి. తలలోని పళ్ల వరస, ఆడ ఈగలో వీర్యకోశం, మగ ఈగలో జననాంగాల ఆకారం చూసి చెప్పాలి. డీఎన్‌ఏ పరీక్ష ఉంది కదా అని దీన్ని వదిలేయకండి, ఊళ్లో సాయంత్రం కొట్టం గోడ మీద టార్చి వేసినప్పుడు మీ దగ్గర ఉండేది మీ కళ్లే. తర్వాత రోజుకి పది ఈగల చొప్పున పేగు తీయడం సాధన చేయండి. మొదటి వంద చిరిగిపోతాయి. పేగు చిరగకుండా, గొంతు కవాటంతో సహా చేతికి వచ్చిన రోజు నాకు రాయండి, పరిశోధన ప్రశ్న ఏది ఎంచుకోవాలో అప్పుడు మాట్లాడుకుందాం.